భవానీ ద్వీపంలో ఒక ఫోటో

1984 మే నెల. రెడ్డిగూడెం మామిడితోటలో, కాయలు గంపలకెత్తే పాక. కూలీల దృష్టిలో నారాయణరావు తోట గుత్తకు తీసుకున్న ఆసామి. నిజానికి ఆయన కౌంటర్ ఇంటెలిజెన్స్ చీఫ్.

"విశాఖ నుంచి సబ్‌మెరైన్ డ్రాయింగులు పోయాయి. ఇవాళ పన్నెండింటికి బెజవాడ దగ్గర భవానీ ద్వీపంలో ఆ మైక్రోఫిల్మ్ చేతులు మారుతుంది. తెచ్చేదెవరో తెలీదు. అందుకునేది మన కాత్యాయని."

ఆ పేరు వినగానే ఏజెంట్ భానుమూర్తి తలెత్తాడు. విదేశీ ముఠా కాత్యాయనిని తమ మనిషనుకుంటోంది. రెండేళ్ళుగా ఆమె అక్కడి రహస్యాలు ఇక్కడికి చేరవేస్తోంది. ఆ రెండేళ్ళలో మూడు మిషన్లకు ఆమె పక్కన మొగుడి వేషం వేసింది భానుమూర్తే.

"కొత్త జంట, పిక్నిక్. అదీ కవర్," అన్నాడు చీఫ్.

"నేను రెడీ సార్."

"నువ్వు పళ్ళమ్మేవాడివి. మొగుడు జోజిబాబు. ఢిల్లీ నుంచి నిన్నే దిగాడు."

భానుమూర్తి మొహం మాడిపోయింది.

"రేవు దగ్గర కూర్చో. గంప అడుగున ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. ఫిల్మ్ ఆమె చేతికి రాగానే బటన్ నొక్కు. లాంచీలో మనవాళ్ళొస్తారు. అందాకా ఏం జరిగినా అక్కణ్ణించి కదలొద్దు."

పదకొండున్నరకి, మాసిన లుంగీలో, అతికించిన గడ్డంతో, భానుమూర్తి ద్వీపం రేవులో గంప ముందు కూర్చున్నాడు. చూడాల్సింది వచ్చేపోయే పడవల్ని. చూస్తున్నది పదిహేను గజాల అవతల చాప మీద కూర్చున్న జంటని. జోజిబాబు మంచి రంగున్నవాడు, పైగా నవ్విస్తున్నాడు. రసం పండు మెత్తగా పిసికి, ముచ్చిక తీసి కాత్యాయనికి అందించాడు. ఆమె గడ్డం మీద రసం కారితే జేబురుమాలు ఇచ్చాడు. ఆమె తీసుకుంది. మూడు మిషన్లలో ఒక్కసారైనా భానుమూర్తి రుమాలు తీసుకున్న పాపాన పోలేదు.

సరిగ్గా పన్నెండింటికి, మెడలో కెమెరాతో ఒక టూరిస్టు వాళ్ళ దగ్గరికొచ్చాడు.

"బంగినపల్లి దొరుకుతుందాండీ ఇక్కడ?"

"ఈ ఏడు కాపు తక్కువండీ," అంది కాత్యాయని.

కోడ్ సరిపోయింది. భానుమూర్తి వేలు బటన్ మీదికి వెళ్ళింది. కానీ ఆ మనిషి ఫిల్మ్ తియ్యలేదు. కెమెరా ఎత్తాడు.

"చూడముచ్చటగా ఉన్నారు. ఒక ఫోటో తీస్తాను. అమ్మా, ఆయన భుజం మీద తలానించండి. ఇంకాస్త దగ్గరగా."

కాత్యాయని తలానించింది.

అంతే, భానుమూర్తికి చీఫ్ ఆర్డరూ గుర్తు లేదు, సబ్‌మెరైనూ గుర్తు లేదు. గంప చంకనేసుకుని విసవిసా నడిచి కెమెరాకి అడ్డంగా నిలబడ్డాడు.

"రసాలండీ. నూజివీడు రసాలు."

"తప్పుకో," అన్నాడా మనిషి పళ్ళు బిగించి. అప్పటికే కెమెరా మీట నొక్కేశాడు.

కెమెరాలోంచి టప్‌మని చిన్న చప్పుడు. గంపలో పైనున్న పండులో సన్నటి ఉక్కుసూది దిగబడింది. చూస్తుండగానే దాని చుట్టూ తొక్క నల్లగా మాడిపోయింది.

జోజిబాబు ఒక్క ఉరుకున టూరిస్టు మీద పడ్డాడు. భానుమూర్తి బటన్ నొక్కాడు. లాంచీ దూసుకొచ్చింది. కెమెరా సంచీలో మైక్రోఫిల్మూ, సాయంత్రం మద్రాసు రైలుకి టిక్కెట్టూ దొరికాయి. కాత్యాయని గుట్టు ముఠాకి తెలిసిపోయింది. వాడొచ్చింది ఫిల్మ్ ఇవ్వడానికి కాదు, ఆమెని చంపడానికి.

తను ఆర్డరు ప్రకారం కూర్చునుంటే ఏమయ్యేదో తలుచుకుంటూ భానుమూర్తి గంప కింద పెట్టాడు.

"అంత దూరం నుంచి ఎలా కనిపెట్టారు సార్?" జోజిబాబు గొంతులో నిజమైన గౌరవం ఉంది. అది మరీ దుర్భరంగా ఉంది.

"అనుభవం," అన్నాడు భానుమూర్తి.

జోజిబాబు ఖైదీని లాంచీ ఎక్కించేదాకా కాత్యాయని ఆగింది.

"నిజం చెప్పండి. మీకు తెలీదు కదూ?"

"తెలీదండీ."

"మరెందుకు అడ్డొచ్చారు?"

"వెలుతురు చాల్లేదండీ. ఫోటో బాగా రాదనిపించింది."

కాత్యాయని నడినెత్తిన మండుతున్న ఎండని ఒకసారి చూసి, నవ్వు ఆపుకుంది.

"రిపోర్టులో మాత్రం ఈ ముక్క రాయకండి."