సున్నా సరిచేసిన పూట

నాలుగో అంతస్తులో తనిఖీ మొదలుపెట్టే ముందు సత్యవేణి శాంతిమాపక యంత్రం మీద అరచెయ్యి ఆనించి, ఏమీ తలుచుకోకుండా నిలబడింది. మనసు ఖాళీ అయితేనే సున్నా కుదురుతుంది. ఏ అంతస్తుకా అంతస్తు సరిచేసుకోవాలి. ఈ ఉద్యోగంలో చేరాక ఖాళీగా ఉండటం ఆమెకు బాగానే అలవాటైంది.

గృహశాంతి శాఖ ఇంటికొక్క అలమర ఇచ్చింది. అందులో ఏముండాలో ఇంటివాళ్ల నోరు చెప్పదు, నాడి చెబుతుంది. ఒక చెయ్యి శాంతిమాపకం మీద ఆనించి వస్తువు పట్టుకున్నప్పుడు నాడి సున్నా దగ్గరే ఉంటే పచ్చదీపం, ఉంచుకోవచ్చు. కదిలితే ఎర్రదీపం, ఆ వస్తువు అక్కడికక్కడే సంచిలో పడి కొలిమికి పోతుంది. జనం కోపతాపాలు ఇంటికి బరువట. నిజానికి ఎవరికి బరువో శాఖ ఏనాడూ చెప్పలేదు.

ఎర్నమ్మ ఇంట్లో చీరలు, పచ్చడి జాడీ పచ్చగానే దాటాయి. ఆఖరున ఆమె ఒక స్టీలు క్యారేజీని ఒళ్లో పెట్టుకుంది. పక్కన సొట్ట. మూత మీద కొట్టించిన పేరు నూకరత్నం. ఉప్పు కర్మాగారంలో బాయిలరు పేలినప్పుడు చనిపోయిన కూతురు. తప్పంతా ఆ పిల్లదేనని యాజమాన్యం తేల్చేసి, క్యారేజీని తోమించి మరీ ఇంటికి పంపింది.

ఎర్రదీపం వెలిగింది. "భారవస్తువు. దయచేసి స్వీకరించండి," అంది యంత్రం, పెళ్లివారిని పలకరించినంత మర్యాదగా.

సత్యవేణి గొంతు తగ్గించింది. "పిన్నీ, ఏదీ తలుచుకోకండి. కాసేపు ఖాళీగా ఉండండి, పచ్చ పడుతుంది."

"ఖాళీగా ఏటమ్మా ఉండేది," అంది ఎర్నమ్మ. "నా బిడ్డ ఆ పూట బువ్వ తిన్నాదో నేదో, మూత తీసి సూస్తే తెలిసీది. అది కూడా తెలీకుండా తోమీసినారు. ఇది సూసినప్పుడల్లా నా కడుపు మండుతాది. ఆ మంట కూడా నువ్వట్టుకుపోతే, నూకరత్నం ఊరికే సచ్చిపోయినట్టే గదా."

సత్యవేణి సంచి మూతి తెరిచి క్యారేజీ అందుకుంది. మెతుకు మరక లేకుండా తళతళలాడుతోంది. పచ్చి ద్రోహం కూడా ఇంత శుభ్రంగా ఉంటుందన్నమాట. ఇన్నాళ్లూ ఎందరి కడుపుమంట ఈ సంచిలో మోసిందో, అదంతా సేవేనని ఎలా నమ్మిందో తలుచుకునేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది. చల్లారకముందే కుడిచెయ్యి శాంతిమాపకం మీద ఆనించి, సున్నా మీట నొక్కింది.

"కొత్త సున్నా కుదిరింది," అంది యంత్రం.

"ఇప్పుడు పట్టుకోండి పిన్నీ."

ఎర్నమ్మ పట్టుకుంది. ఆమె కోపం ఎక్కడికీ పోలేదు. అయినా పచ్చదీపం వెలిగింది. క్యారేజీని అలమరలో పై అరలో పెట్టి, ఆమె చాన్నాళ్ల తర్వాత నిమ్మళంగా ఊపిరి తీసుకుంది.

ఇక మిగిలింది శాఖవారు గోడకు తగిలించిన శాంతిఫలకం. నిబంధన ప్రకారం దాన్నీ చేత పట్టించాలి. అది ఎవరి మనసునూ కదిలించదు గనుక ఎప్పుడూ పచ్చే. ఎర్నమ్మ నిమ్మళంగా అందుకుంది. ఎర్రదీపం వెలిగింది.

"భారవస్తువు. దయచేసి స్వీకరించండి."

సత్యవేణి ఫలకాన్ని సంచిలో పడేసింది. సున్నా జోలికి పోకుండా పక్కింటి తలుపు తట్టింది.

"మీకు బాగా కోపం తెప్పించే వస్తువేదో, ముందు అది తీసుకురండి."