మీటరులో పడని పంపు

మురుగునీటి శుద్ధి కేంద్రంలో ఆమె మిషను బిగించిన రోజే ఎలక్ట్రీషియనుతో చిన్న పేచీ వచ్చింది. స్విచ్‌బోర్డు మీద ఆమె కాఫీ కప్పు పెడితే, అతను తీసి బయట గట్టు మీద పెట్టాడు.

"ఒలికితే పోయేది కప్పు కాదండీ, మీరు" అన్నాడు. అతను సీరియస్‌గానే అన్నాడు. ఆమె మాత్రం నవ్వాపుకోలేక అటు తిరిగింది.

ఆమె పరిశోధకురాలు. మురుగునీటి నుంచి వేరుపడిన బురదలోకి ఆ మిషనుతో చెవికి వినిపించని అల్ట్రాసౌండ్ పంపితే, అందులోని సూక్ష్మజీవులు పగిలి, తర్వాత ట్యాంకులో గ్యాస్ ఎక్కువ వస్తుంది. ఆ అదనపు గ్యాసుతో పుట్టే కరెంటు, మిషను తినే కరెంటు కంటే ఎక్కువని ఆమె చూపించాలి. మూడు నెలల్లో చూపించింది. ఆఫీసంతా మెచ్చుకుంది. ఆ మాట ఆమె మొదట వచ్చి చెప్పింది అతనికే.

అప్పుడు తట్టింది అతనికి. మిషను వేడెక్కకుండా చల్లనీళ్ళు తిప్పే పంపును తొలిరోజు తానే ప్లాంటు మామూలు కరెంటు లైనుకు కలిపాడు. అది తినే కరెంటు, మిషను వాడకం కొలిచే ఆమె మీటరులో పడనేలేదు. చెబితే ఆ ముఖంలో వెలుగు పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రెండు రోజులు లోలోపల నలిగి, మూడో రోజు పొద్దున్నే చెప్పేశాడు. తప్పు తనదేనన్నాడు.

"ఇప్పుడా చెప్పేది?" అంది. వారం పాటు అతని వైపు చూడలేదు.

ఎనిమిదో రోజు వచ్చి, పంపును తన మీటరుకే కలపమంది. కలిపాడు. లాభం కాస్తా నష్టమైంది. ఆమె కుర్చీలో కూలబడింది. అతను, బురద మరీ పల్చగా ఉందనీ, కరెంటులో చాలా భాగం ఊరికే నీళ్ళను కదిలించడానికే పోతోందేమోననీ గొణిగాడు. ఆమె తలెత్తి చూసింది. ఆ చూపుకు అతని చేతిలో టెస్టరు జారిపోయింది.

బురదను చిక్కబరిచి మళ్ళీ మొదలుపెట్టారు. వానలో ఇద్దరూ తడుస్తూనే నమూనాలు తీశారు. రెండు నెలలకు తేలింది. మునుపు అనుకున్నంత కాదుగానీ, మిగులు నిజంగానే ఉంది.

"ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే మీరు హాయిగా వెళ్ళిపోయేవారు" అన్నాడతను.

"వెళ్ళిపోయేదాన్నే. మళ్ళీ వచ్చేదాన్ని కాదు." నమూనా సీసా మూత బిగిస్తూ, "ఆదివారం మా ఇంటికి రండి. అమ్మకు చెప్పాను" అంది.

"ఏమని?"

"నన్ను ఏడిపించిన మనిషి వస్తాడని. ఆయన్నే చేసుకుంటానని."

ఆదివారం తలుపు తీసింది తల్లే. అతన్ని ఎగాదిగా చూసి, "నువ్వేనా బాబూ?" అంది.

అతను బిక్కమొహం వేసుకుని తలూపాడు.

"రా, కూర్చో. ఆర్నెల్ల నుంచి ఈ ఇంట్లో బురద కబుర్లే. ఇవాళైనా నీ కబుర్లు చెప్పు."