కుర్చీలో ఖాళీలు

డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి ఆ నర్సుకు రోజూ కాళ్ళు పీక్కుపోతుంటాయి. అయినా వెలుతురు ఉండగానే ఒక బొమ్మ వేయాల్సిందే. ఈమధ్య సూది పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. ఉద్యోగం పోతే తనకూ ఏడేళ్ళ కూతురికీ దిక్కు లేదు. చెయ్యి కుదురుకోవడానికి కింది వాటాలో ఉండే డ్రాయింగు మాస్టారు ఈ సాధన చెప్పాడు.

ఆయన పద్ధతి వేరు. వస్తువును గీయకూడదట. దాని మధ్యా చుట్టూ కనిపించే ఖాళీలను పెన్సిల్‌తో నల్లగా నింపాలి, వస్తువు దానంతటదే తెల్లగా మిగులుతుంది. కప్పు అయింది, కిటికీలో మొక్క అయింది. ఇప్పుడు, అద్దెకు దిగినప్పటినుంచీ ఇంట్లోనే ఉన్న పాత చెక్క కుర్చీ వంతు వచ్చింది.

మొదటిరోజు వీపు ఊచల మధ్య సందులన్నీ చక్కగా కుదిరాయి. తర్వాత రోజుకో సందు కనిపించకుండా పోయింది. కళ్ళు అలిసిపోయాయి కాబోలు అనుకుని, కనిపించినంతవరకే నింపింది.

కుర్చీ ఒళ్ళు చేసిందేమిటమ్మా అని మాస్టారు నవ్వాడు. మర్నాటి బొమ్మ చూసి మాత్రం నవ్వలేదు. తెలుపు ఊచలు దాటి పైకి లేచి, వంగిన భుజాల్లా ఉంది.

"నీకు తెలిసింది గీయకమ్మా" అన్నాడు నెమ్మదిగా. "కనిపించిందే గీయి."

మరుసటి సాయంత్రం ఆమెకు ఓపిక లేదు. పాపకు జ్వరం. మందు తాగించి లోపలి గదిలో పడుకోబెట్టి, నిన్నటి కాగితమే ముందేసుకుంది. కుర్చీకి ఊచలుంటాయి, సందులుంటాయి, ఆమాత్రం తనకు తెలియదా అని విసుక్కుంది. కుర్చీ వైపు చూడకుండానే సందులు గీసుకుని, ఆ భుజాలను కూడా నల్లగా రుద్దేసింది.

కుర్చీ కిర్రుమంది... ఎవరో లేచినట్టు.

తలెత్తింది. ఊచల మధ్య గోడ స్పష్టంగా కనిపిస్తోంది. తడిసిన దుప్పటి వాసన ఒకటి ఆమె పక్కనుంచి లోపలి గదిలోకి వెళ్ళింది.

లేచి గుమ్మం దాకా వెళ్ళింది. పాప ఇటు తిరిగి పడుకుని ఉంది. వీపుకీ గోడకీ మధ్య మూరెడు చోటు ఖాళీగానే ఉండాలి. అక్కడే చతికిలబడి, చేతిలోనే ఉన్న కాగితం వెనక్కి తిప్పి, ఈసారి కనిపించిందే గీసింది. మంచం కింద నలుపు. తలగడ పైన నలుపు. పాప వెనక... నింపడానికి ఖాళీ కనిపించలేదు.

"అమ్మా..." పాప కళ్ళు తెరవకుండానే గొణిగింది. "కాస్త జరుగు. నీ చెయ్యి చల్లగా ఉంది."

తల్లి ఇంకా గుమ్మంలోనే ఉంది. నల్లగా రుద్దితే అది కుర్చీలోంచి లేచింది. ఇక్కడా రుద్దితే... కాగితం మీద పెన్సిల్‌ను పాప వెనకకు తెచ్చింది. ఆ తెలుపులో పాప ఎక్కడిదాకానో, అది ఎక్కడినుంచో తెలియడం లేదు.

చెయ్యి వణుకుతోంది.