ఎర్రగండిలో వినిపించిన గొంతు

దేవనకొండ అవతల ఎర్రగండి పేరెత్తితే గొర్లు కాసేటోళ్లు కూడా మాట మారుస్తారు. పగలు చూస్తే భయపడేదానికి ఏమీ లేదు. రెండు పక్కలా నిలువెత్తు ఎర్రబండలు, నడుమ ఎండిపోయిన వంక, చదునైన ఇసక. అరగంటలో ఆ కొసకు నడిచిపోవచ్చు. ఆదివారాలు ఆదోని నుంచి జనం పిల్లలతో వచ్చి ఫొటోలు దిగి పోతారు. పొద్దు గుంకినాక మాత్రం… ఎవురూ ఉండరు. ఎప్పుడో కరువులో నీళ్లు వెతుక్కుంటా లోపలికి పోయినోళ్లు తిరిగి రాలేదంట. వాళ్ల కడుపుమంట ఇంకా ఆ బండల్లోనే ఉందంట.

ఎస్తేరుకు ఇట్లాంటి మాటలు గిట్టవు. ఆమె మొగుడు ఇస్సాకు ముప్పై ఏండ్లు పత్తి మిల్లులో మూటలు మోసిన మనిషి. షుగర్ వచ్చింది, రోజూ నడవమని డాక్టరు చెప్పినాడు. గండిలో నీడ ఉంటుందని ఆడికే పోతాడు.

ఆ పొద్దు ఎస్తేరు ఎమ్మిగనూరులో చెల్లెలింటికి పోయి సాయంత్రం బస్సుకు దిగింది. ఇంటికి తాళం. పదకొండు గంటలకు పోయిన మనిషి ఇంకా రాలేదన్నారు పక్కింటోళ్లు. నరసన్న ఆటో మాట్లాడుకొని గండి కాడికి చేరేసరికి చీకటి పడింది.

"నేను లోపలికి రానక్కా," అన్నాడు నరసన్న గుసగుసగా. "ఈడ్నే ఉంటా."

ఎస్తేరు నీళ్ల సీసా చంకన పెట్టుకొని, ఫోను లైటు వేసుకొని నడిచింది. మొదటి మలుపు తిరగ్గానే ఆటో చప్పుడు ఆగిపోయింది. గాలి లేదు. పగటి వేడి బండల్లో నుంచి మొహానికి కొడతాంది.

టక్—

కాలి ముందర రాయి పడింది. ఎస్తేరు నిలబడింది. ఇంకొకటి… చెవి పక్క నుంచే పోయింది.

"పో… ఎనక్కి పో. దగ్గరికొస్తే తల పగలగొడతా."

ఇస్సాకు గొంతు!

"నేను! ఎస్తేరును! యాడుండావయ్యా?"

జవాబుగా ఇంకో రాయి వచ్చి మోచేతికి తగిలింది. నెత్తురు కారింది. "యేసయ్యా…" అనుకుంటా పళ్లు బిగబట్టి ముందుకే నడిచింది.

రెండు బండల నడుమ కాలు ఇరుక్కొని కూర్చోనుండాడు ఇస్సాకు. పెదాలు పగిలినాయి. ఒళ్లు కాలిపోతాంది. ఆమెను చూసి మళ్లీ రాయి కోసం తడుముకున్నాడు. ఆ చెయ్యి పట్టుకొని నోట్లో నీళ్లు పోసింది. బండ కింద ఇసక గోళ్లతో తోడి కాలు బయటికి లాగింది. భుజం మీద వేసుకొని ఈడ్చుకొచ్చింది.

గండి బయట ఆటో లేదు. దూరంగా తారురోడ్డు మీద ఆగి ఉంది. కేకేస్తే వచ్చినాడు నరసన్న. ఇద్దరూ కలిసి ఇస్సాకును ఎక్కించినారు. ఆటో ఆదోని ఆసుపత్రి దోవ పట్టింది.

అప్పుడు నోరు తెరిచినాడు ఇస్సాకు.

"మధ్యాన్నం నుంచి బండ మీద కూర్చోని నవ్వితివే… నీళ్లు నీళ్లు అని ఏడిస్తే, ఈడ్నే సావు అంటివే… ఇప్పుడెందుకు తీసకపోతాండావు?"

ఎస్తేరు బిత్తరపోయింది. "నేను ఎమ్మిగనూరులో ఉంటినయ్యా! జ్వరం నీకు. ఎండకు, దప్పికకు ఏవేవో వినబడింటాయి. అంతే."

నరసన్న ఆటో పక్కకు తీసి ఆపినాడు. వెనక్కి తిరగలేదు.

"అక్కా… మరి నాకు జ్వరం లేదు గదా."

"ఏమంటాండావు?"

"నువ్వు లోపలికి పోయిన కాసేపటికే… చీకట్లో మనిషి కనపడలేదు, నీ గొంతే. ఆయప్ప సచ్చిపోయినాడు, నువ్వు పో నరసన్నా అని… నవ్వినావు."

ఎస్తేరు ఏదో చెప్పబోయి నోరు తెరిచింది.

ఆమె గొంతు వినబడగానే ఇద్దరు మొగోళ్లూ ఒక్కసారిగా ఉలిక్కిపడినారు.