కడిగిన సున్నం డబ్బీ

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీ. ఉదయం ఆరుంపావు.

మంచం మీద లక్ష్మీనర్సమ్మ శవం. వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. దవడ బిగుసుకుంది. గొంతు మీద పాత ఆపరేషన్ మచ్చ.

ఇన్‌స్పెక్టర్ తబితకు ఆ ఇంట్లో అడుగుపెట్టగానే ఏదో తేడా కనిపించింది. ఏడవాల్సిన కొడుకు ఏడవడం మానేసి వేలెత్తి చూపుతున్నాడు.

"నా పెండ్లామే మేడం! వారం సంది అమ్మకు ఫిట్స్. వంట చేసేది, మందులిచ్చేది గామెనే. ఏదో కలిపింది," అన్నాడు అంజన్.

"అంతకుముందు జబ్బేమైనా ఉందా?"

"నెల కింద స్కాన్ తీపిచ్చిన. మెదడుల సున్నం పేరుకుందని డాక్టర్ చెప్పిండు. గంతే."

అతని భార్య చంద్రిక గోడకు అతుక్కుపోయి నిలబడింది. బయట బస్తీ ఆడవాళ్లు అప్పటికే తీర్పు చెప్పేశారు. ఇక బేడీలు వేయడమే తరువాయి.

"మందులు నువ్వే ఇచ్చేదానివా?"

"ఔ మేడం. నెల సంది మాత్రం మామ ఇస్తుండు."

"మా నాయిన మీదికి తోస్తున్నవా?" అంజన్ అరిచాడు.

మామ వెంకటనర్సయ్య ఆ మాటలేవీ వినడం లేదు. జీవితమంతా అబిడ్స్ హోటళ్లలో ప్లంబింగ్ పని చేసిన చేతులవి. వాటితో భార్య వేళ్లను ఒక్కొక్కటే సాపు చేయాలని చూస్తున్నాడు. అవి రావడం లేదు.

మంచం పక్కన పాన్‌దాన్. తబిత మూత తీసింది. ఆకులున్నాయి, వక్కలున్నాయి. సున్నం డబ్బీ మాత్రం కడిగి బోర్లించి ఉంది. ఆమె శవం పెదవుల వంక చూసింది. ఎరుపు లేదు.

మధ్యాహ్నానికి పోస్ట్‌మార్టం అయింది. విషం లేదు. తబిత అబిడ్స్‌లో డాక్టర్ అమరేశ్వరరావు క్లినిక్‌కు వెళ్లింది.

"స్కాన్‌లో ఏముంది డాక్టర్?"

"కాల్సిఫికేషన్. కొడుక్కి ఆ మాటే చెప్పాను."

"అంటే కాల్షియం ఎక్కువైందా?"

"కాదమ్మా, రక్తంలో తక్కువైంది. థైరాయిడ్ ఆపరేషన్‌లో పక్కనున్న చిన్న గ్రంథులు దెబ్బతిన్నాయి. అప్పట్నుంచి కాల్షియం రక్తంలో నిలవదు. మెదడులో చేరకూడని చోట పేరుకుని అక్కడి కణాలను చంపుతుంది. రోజూ వేసుకునే కాల్షియం మాత్రలే ఆమెను బతికిస్తున్నాయి. ఆపితే ఫిట్స్ వస్తాయి, గొంతు బిగుసుకుపోతుంది."

తబితకు బోర్లించిన సున్నం డబ్బీ గుర్తొచ్చింది.

సాయంత్రం ముగ్గురినీ కూర్చోబెట్టి, డబ్బీని మధ్యలో పెట్టింది.

"పెద్దయ్యా, ఇది ఎవరు కడిగిన్రు?"

"నేనే."

"కాల్షియం మాత్రలు?"

"మోరీల పారేసిన. అవి గూడ సున్నమే." ముసలాయన తలెత్తాడు. "జిందగంత గొట్టాలు బాగుచేసిన మేడం. సున్నం పట్టిన గొట్టం మూసుకపోతది. దాంట్ల మళ్ల సున్నమే పోస్తమా? పాన్ కోసం ఏడ్చింది, అయినా సున్నం ముట్టనియ్యలే. నా మనిషి బతకాలె గద!"

తబితకు చెప్పాలనిపించలేదు. కానీ చెప్పకపోతే చంద్రిక మీద పడ్డ నింద పోదు.

"ఎవరూ విషం పెట్టలేదు పెద్దయ్యా. ఆ మాత్రలు ఆగినందుకే ప్రాణం పోయింది."

ఆయన కడిగిన డబ్బీని చేతిలోకి తీసుకున్నాడు.

"డాక్టర్ కాల్సిఫికేషన్ అన్నడు, సున్నం అనలేదు. మీకు సున్నమని ఎవరు చెప్పిన్రు?"

అంజన్ ముఖం పాలిపోయింది. పొద్దున తన నోటి నుంచి వచ్చిన మాట గుర్తొచ్చినట్టుంది.

వెంకటనర్సయ్య కొడుకు వైపు చూశాడు.

"ఎవరు చెప్పలే మేడం," అన్నాడు. "నేనే అనుకున్న. నన్ను తీస్కపోండ్రి."