ముందు పెట్టిన కాలు

చోన్ గురువుగారి ఎడమ చీలమండ మీద ఎర్రటి చుక్క ఒకటి కనిపించింది. దోమ కుట్టినంత. శవానికి నార బట్ట చుడుతున్నప్పుడు అది శిష్యుడు ప్యో ఇన్‌హో కంట పడింది. డాక్టరు గుండెపోటు అని రాసిచ్చి చేతులు దులుపుకున్నాడు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి పొద్దున్నే తొమ్మిదిమంది శిష్యులతో తెక్యోన్ అనే కాళ్ల కుస్తీ తలా ఒక ఆట ఆడి, గంట తర్వాత మెట్ల మీద కూలబడిపోతే ఇంకేం రాస్తాడు?

శిష్యులందరిలోకీ పెద్దవాడు దో పిల్‌గ్యు గుండెలు బాదుకుని ఏడ్చాడు. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, చావింట్లో వడ్డించే గొడ్డుమాంసం కారప్పులుసు రెండు గిన్నెలు లాగించాడు. దుఃఖంలో కొందరికి ఆకలెక్కువ అనుకున్నాడు ఇన్‌హో.

లోకానికి ఇన్‌హో బీమా కంపెనీ ఉద్యోగి. అసలు కొలువు సియోల్‌లో, బోర్డు లేని ఆఫీసులో. సీక్రెట్ ఏజెంట్. అందుకే ఎవరూ చూడకుండా ఆ చుక్క దగ్గరి చర్మం గోరంత ముక్క కోసి ల్యాబ్‌కి పంపాడు. తండ్రిలాంటి మనిషి ఒంటి మీద బ్లేడు పెట్టిన చెయ్యి అది. ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా రోత వదల్లేదు.

మర్నాడు బ్రీఫింగ్‌లో చీఫ్ కూ మేడం రిపోర్టు బల్ల మీద పడేసింది.

"విషం. సూది మొన మీద పూస్తే చాలు, గంటలో గుండె ఆగిపోతుంది. సముద్రం అవతలి ముఠా సరుకు."

"గురువుగారితో వాళ్లకేం పని?"

"ఏం పనీ లేదు. రిహార్సల్. విషం ఎంతసేపటికి పనిచేస్తుందో చూసుకున్నారు. అసలు టార్గెట్ ఓక్ మ్యోంగ్‌జిన్."

ఇన్‌హో రిపోర్టు తిప్పి బోర్లా పెట్టాడు. పరీక్షకి ఎలుకలు లేవా ఈ దేశంలో? కప్పలు లేవా?

ఓక్ జలాంతర్గాముల ఇంజినీరు. ముఠా డ్రాయింగులు అమ్మమంటే ఛీ పొమ్మన్నవాడు. బేరానికొచ్చి ఇప్పుడు జైల్లో ఉన్న వాళ్ల మనిషి మొహం చూసిన ఏకైక సాక్షి. సోమవారం కోర్టులో చెప్పాలి. ఆ లోపు శనివారం ఉయ్యాలలూగే దానో పండగ. అతనూ చోన్ గురువుగారి శిష్యుడే. గురువు జ్ఞాపకార్థం చుంగ్జు నది ఒడ్డున జరిగే తెక్యోన్ పోటీలో ఆడతానని మాటిచ్చాడు.

"ఆడొద్దని చెప్పేద్దాం మేడం."

"చెప్తే వాడు సూది బయటికి తియ్యడు. సూది లేకపోతే సాక్ష్యం లేదు. ఓక్‌కి ఒక్క ముక్క తెలియకూడదు. ఇది ఆర్డర్."

అంటే ఎర. మనవాళ్లూ ఆ తానులో ముక్కలే. ఇన్‌హో గ్యాడ్జెట్ల సెక్షన్ వాళ్లిచ్చిన వాచీ పెట్టుకున్నాడు. విషం దగ్గరికొస్తే చేతికి జిల్లుమని తెలుస్తుందట.

చీలమండే ఎందుకో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. తెక్యోన్‌లో ఎప్పుడూ ఒక కాలు ముందుకు, ఎదుటివాడికి అందేలా పెట్టాలి. దాన్ని తేజప్ అంటారు. ఇంటికొచ్చిన అతిథికి అన్నం, కల్లు పెట్టి చేసే మర్యాదకీ అదే మాట. కాలు వెనక్కి లాక్కున్నవాడు ఓడినట్టే. "వచ్చినవాడికి పీట వెయ్యి. కాలు ముందు పెట్టు. దెబ్బ తగిలేలా తన్నకు, పడిపోయేలా నెట్టు," అని చోన్ గురువుగారు నలభై ఏళ్లు నేర్పారు. ఆ మర్యాదలోకే సూది దించారు వెధవలు.

శనివారం పొద్దున గురువుగారి ఇంటికి వెళ్లాడు. గడప దగ్గర ఆయన తెల్ల రబ్బరు చెప్పులు ఇంకా అలాగే ఉన్నాయి. ఒకటి ఇమ్మని గురుపత్నిని అడిగాడు. ఎందుకని ఆవిడ అడగలేదు. ఎడమది తీసి, తుడిచి ఇచ్చింది.

నది ఒడ్డున ఉయ్యాలల దగ్గర తాక్ హ్యేరిమ్ నిలబడి ఉంది. పండగకి యాంకర్, పట్టుబట్టల్లో చూపు తిప్పుకోనివ్వని అందం. డబుల్ ఏజెంట్. రెండువైపులా జీతమే.

"ఉయ్యాల తాళ్లు కొత్తవా?" కోడ్ ప్రకారం అడిగాడు ఇన్‌హో.

"తాళ్లు పాతవే, ముడులు కొత్తవి." ఆమె లిప్‌స్టిక్ సరిచేసుకుంటూ గొంతు తగ్గించింది. "పేరు నాకూ చెప్పలేదు. అయిదుగురిలో ఒకడు, అవతలి జట్టు. వంగి దణ్ణం పెట్టి మరీ చంపుతాడట." అద్దం మూసి, "మీ గురువుగారు పాపం మంచివారు," అంది, వర్షం పడేలా ఉంది అన్నంత తేలిగ్గా.

ఇన్‌హో అక్కడ ఇంకో క్షణం నిలబడలేకపోయాడు.

పోటీ ఎగువ ఊరికీ దిగువ ఊరికీ. జట్టుకి అయిదుగురు. గెలిచినవాడు బరిలో ఉంటాడు, ఓడినవాడి చోటికి అతని జట్టువాడు ఇంకొకడు దిగుతాడు. దిగువ ఊరి జట్టులో ఓక్ నాలుగోవాడు, ఇన్‌హో అయిదు. బరిలోకి లోహం తేకూడదని రిఫరీ ఆ వాచీ కాస్తా విప్పించి పెట్టెలో వేశాడు.

ఎగువ ఊరి తరఫున మొదట దిగింది దో పిల్‌గ్యు. ఒకణ్ణి పడేశాడు. రెండోవాణ్ణీ, మూడోవాణ్ణీ పడేశాడు. జనం ఈలలు వేస్తున్నారు. ఇన్‌హో మిగతా నలుగురి మొహాలు వెతుకుతున్నాడు. అన్నలాంటివాణ్ణి ఎవరు అనుమానిస్తారు? మూడోవాడు లేచి దులుపుకుంటుంటే అప్పుడు తట్టింది. ముగ్గురినీ పిల్‌గ్యు ఎడమ కాలితోనే పడేశాడు. కుడి కాలు ఎవరికీ తగలనివ్వలేదు. ఇరవై ఏళ్లు తనతో ఆడిన మనిషి, కుడి కాలి వాటమున్న మనిషి, దాన్ని దాచుకుంటున్నాడు.

చావింట్లో ఖాళీ అయిన రెండు పులుసు గిన్నెలు ఇన్‌హోకి గుర్తొచ్చాయి.

ఓక్ అప్పటికే నడికట్టు బిగించి ఒక కాలు బరిలో పెట్టాడు. ఇన్‌హో అతని చొక్కా పట్టి వెనక్కి లాగాడు.

"నా వంతు అన్నా," అన్నాడు ఓక్ చిరాగ్గా.

"గురువుగారి మీద ఒట్టు. కూర్చో."

పిల్‌గ్యు మొహంలో ఆశాభంగం రెప్పపాటు కనిపించి మాయమైంది. నడుం దాకా వంగి దణ్ణం పెట్టాడు. ఎంత వినయం! ఆ వినయం మీద ఉమ్మెయ్యాలనిపించింది ఇన్‌హోకి.

ఇద్దరూ అడుగులు వెయ్యసాగారు. పిల్‌గ్యు మళ్లీ ఎడమ కాలితోనే వస్తున్నాడు. సూది ఓక్ కోసం దాచాడు. ఇన్‌హో ఓడితే తర్వాత దిగేది ఓక్. కాలు వెనక్కి లాక్కున్నా అంతే. సూది ఇప్పుడే, ఇక్కడే బయటికి రావాలి.

ఇన్‌హో దగ్గరికి జరిగి మెల్లగా అన్నాడు. "గురువుగారి చీలమండ మీద చుక్క చూశాను అన్నా. ల్యాబ్‌కి పంపాను."

పిల్‌గ్యు కళ్లు గడ్డకట్టాయి. కుడి పాదం ముందుకొచ్చింది.

కాలు లాక్కో, లాక్కో అని ఒళ్లంతా మొరపెట్టింది. ఇన్‌హో లాక్కోలేదు. ఎడమ కాలు ఇంకో జానెడు ముందుకు పెట్టాడు, గురువుగారు నేర్పినట్టే. పిల్‌గ్యు పాదం కొక్కెంలా వచ్చి చీలమండకి తగిలింది. అతని మేజోడు అంచున దాగిన వెదురు సూది కాలి గుడ్డలోంచి దిగి, ఆగింది. గుడ్డ అడుగున, రెండు ముక్కలు చేసి రెండు చీలమండలకీ కట్టుకున్న రబ్బరు చెప్పు ఉంది. సూది అందులో ఇరుక్కుపోయింది, దానితోపాటు పిల్‌గ్యు పాదమూ.

ఒంటికాలి మీద తూలుతూ అతను గుసగుసగా అన్నాడు. "ఆయనకి నొప్పి తెలీలేదు తమ్ముడూ. ఎలాగూ పోయే వయసు."

మొహం పగలగొట్టాలనిపించింది. అలా తన్నడం ఇన్‌హోకి చేతనవును కూడా. అరచేయి ఆ రొమ్ము మీద ఆనించి, నెట్టాడు. పిల్‌గ్యు చతికిలబడ్డాడు. సూది పుటుక్కున విరిగి రబ్బరులోనే ఉండిపోయింది. జనం చప్పట్లు కొట్టారు.

ఆకు రొట్టెలు అమ్మే వేషంలో ఉన్న ఇద్దరు ఏజెంట్లు బుట్టలు దింపి వచ్చి పిల్‌గ్యుని చెరో రెక్కా పట్టుకున్నారు. ఆట ముగిశాక దణ్ణం పెట్టాలి. ఇన్‌హో వంగాడు, పిల్‌గ్యు వైపు కాదు, గురువుగారి ఇల్లున్న వైపు. మైకులో హ్యేరిమ్ తియ్యటి గొంతుతో ఆ ఆట విజేత పేరు చదువుతోంది.

"ఆమెని పట్టుకోరా?" అని అడిగాడు తర్వాత.

"పనికొచ్చే మనిషి," అంది కూ మేడం. ఇన్‌హో చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

సోమవారం ఓక్ కోర్టులో నిలబడి, బేరానికొచ్చినవాడి మొహాన్ని వేలెత్తి చూపించాడు. అదే పూట ఇన్‌హో మిషన్ ఫారం నింపాడు. అంత గొప్ప వాచీని పెట్టెలో ఎందుకు వదిలేశావని గ్యాడ్జెట్లవాళ్లు రుసరుసలాడుతూనే ఉన్నారు. 'ఉపయోగించిన పరికరం' అన్న గడి దగ్గర అతని పెన్ను కాసేపు ఆగింది. తర్వాత రాశాడు: గురువుగారి రబ్బరు చెప్పు, ఎడమది. 'పరికరం స్టోర్సుకి తిరిగి ఇచ్చారా?' అన్నచోట మాత్రం ఆలోచించలేదు: గడప దగ్గర కుడిది ఒంటరిగా ఉంది, ఇవ్వను.