టాంగా బాట మీద బిజిలీ

ఇబ్రహీంపట్నంలో పొద్దుగూకాక టాంగా బాట మీదికి ఎవరూ పోరు. పోయినవాళ్లు పోలేదంటారు. పోనివాళ్లు పోయి చూశామంటారు. మా ఊళ్లో నిజం తెలియాలంటే మనిషి చెప్పినదాన్ని చొక్కా తిరగేసినట్టు తిరగేసి, లోపలి కుట్టు చూడాలి. నేను టైలర్‌ని. బస్టాండు ఎదుట నా దుకాణం. ఆ కుట్టు చూసే పని ఇన్నేళ్లుగా ఉచితంగా చేసిపెడుతున్నాను, ఒక్కరైనా మెచ్చుకోలేదు.

టాంగా బాట అంటే శేరిగూడ వైపు గీత గీసినట్టు పోయే మట్టి బాట. టాంగాలు నడిచిన రోజుల్లో ప్రతి దసరాకు, జమ్మి ఆకు పంచుకున్నాక, అక్కడ గుర్రప్పందెం జరిగేది. యాచారం నుంచి, మన్నెగూడ నుంచి టాంగావాళ్లు వచ్చి, బండ్లు విప్పి పక్కన పెట్టి, జీను కూడా లేకుండా గుర్రాలను ఉరికించేవాళ్లు. బాట చివర ఒక నల్లరాయి ఉంది. ముందుగా ఏ గుర్రం దాన్ని దాటితే దానిదే గెలుపు.

ఆఖరి పందెంలో మా ఊరి మల్లేశయ్య తండ్రి ఎక్కిన తెల్లగుర్రం అన్నిటికన్నా ముందు ఉరికింది. ఉరికి, ఉరికి… నల్లరాయి ఎదురుగా కనబడుతుండగా — కూలిపోయింది. మళ్లీ లేవలేదు.

ఆ ఏడే ఆటోలు వచ్చాయి. టాంగాలు పోయాయి. గుర్రం చావడం వల్లే పందెం ఆగిందని ముసలివాళ్లంటారు. మరుసటి దసరాకు ఆటోలతో పందెం పెట్టి చూశారు గానీ, ఆటో గెలిస్తే దాని మెడ నిమరడానికి ఎవరికీ చేతులు రాలేదు. గుర్రాల మోజున్నవాళ్లు పట్నంలో రేసులకు పోవడం మొదలుపెట్టారు. మిగిలిన గుర్రాలు పెళ్లికొడుకులను మోయడంలో పడ్డాయి.

అప్పటి నుంచి బాటకు చెడ్డపేరు. చీకట్లో డెక్కల చప్పుడు వస్తుందని… నల్లరాయి దాకా వచ్చి ఆగిపోతుందని.

తర్వాత భూముల ధరలు ఎగిరాయి. హైదరాబాదు పెరిగి పెరిగి సాగర్ రోడ్డు పట్టుకుని మా దాకా వచ్చేసింది. నిన్నటిదాకా గొర్లు మేసిన చోట గేట్లు లేచాయి. మా శ్రీపాల్ ఆ బాట చుట్టూ ఉన్న చెలక భూములు కొని వెంచర్ వేశాడు. దాని పేరు ‘రేస్‌కోర్స్ హిల్స్’. అక్కడ హిల్స్ లేవు. రేసు ఎప్పుడో పోయింది. శ్రీపాల్ మాత్రం ఉన్నాడు, తెల్ల చొక్కాలో. ఆ చొక్కా నేనే కుట్టాను, అందుకే దాని గురించి ఏమీ అనను.

ఆ వెంచర్‌లో ప్లాటు కొన్నవాళ్లలో వెంకటసుబ్బారావు గారొకరు. కోస్తా నుంచి వచ్చి మన్నెగూడలో పెయింట్ల షాపు పెట్టుకున్న పెద్దమనిషి. ప్లాటు ఎక్కడికీ పోదు. అయినా వారానికోసారి షాపు మూశాక, స్కూటరేసుకుని వచ్చి చూసిపోయేవాడు.

ఒకరోజు అట్లాగే వచ్చాడు. అప్పుడే కరెంటు పోయింది.

ఊరంతా గప్పున చీకటి. ఆయన తన హద్దురాయి మీద కూర్చుని, కట్టబోయే ఇంట్లో వంటగది ఎటువైపు ఉండాలో ఆలోచిస్తున్నాడు.

దూరంగా… టక్. టక్. టక్.

హైమవతి — అంటే ఆయన భార్య — వంటగది తూర్పునే ఉండాలంది కాబట్టి, తూర్పెటో చూద్దామని తల తిప్పాడు.

టకటక టకటక —

తెల్లగా ఏదో వస్తోంది. దాని మీద ఇంకా తెల్లగా ఇంకేదో. ముఖం లేదు… తల చుట్టూ గాలికి ఎగిరే గుడ్డ. ఆ గుడ్డలోంచి సన్నని గొంతు —

“బిజిలీ… బిజిలీ…”

సుబ్బారావు గారు స్కూటర్ మీదికి దూకాడు. స్టార్ట్ చేశాడు. లైటు వెళ్లి సూటిగా దాని మీద పడింది.

అది ఆగిపోయింది.

ఆగి… ముందుకాలు పైకెత్తింది. మెడ వంచింది. ఆ తర్వాత, ఆ లైటులో, మెల్లగా — డాన్సు మొదలుపెట్టింది.

తర్వాత సంగతి ఆయనకు గుర్తులేదు. స్కూటర్‌కే గుర్తుండి, బస్టాండు దాకా తెచ్చింది. ఒక చెప్పుతో నా దుకాణంలోకి వచ్చి, కత్తిరించి పెట్టిన లంగా మీద కూర్చున్నాడు.

“లింగస్వామి గారూ… మీ ఊళ్లో దెయ్యాలు డాన్సు చేస్తాయాండీ?”

“పాట మంచిగుంటే చేస్తయి సార్. ఏమన్నదది?”

“బిజిలీ, బిజిలీ అంది.”

నేను కొవ్వొత్తి వెలుగులో ఆయన ముఖం చూశాను. అబద్ధమాడే ముఖం కాదు. అంత తెలివి అందులో లేదు.

“కరెంట్ అడిగింది సార్, ఉర్దూల,” అన్నాను. “మస్తు సేపైంది పోయి. దెయ్యమైతే మాత్రం ఎంతసేపని ఓపిక పడ్తది?”

ఆ మాట నేను ఊరికే అన్నాను. తెల్లారేసరికి అది ఊరంతా పాకింది. షాక్ కొట్టి చచ్చినవాడెవడో దెయ్యమై, కరెంటు పోయినప్పుడల్లా బిజిలీ, బిజిలీ అని ఏడుస్తున్నాడని తేల్చారు. లైన్‌మన్ కనబడితే చాలు, ఆడవాళ్లు పట్టుకునేవాళ్లు.

“మాకియ్యకుంటె పాయె. పాపం, ఆ దెయ్యానికన్న జర ఇయ్యరాదు?”

శేరిగూడ కాలేజీ పిల్లలు గుంపులు గుంపులుగా వచ్చారు. లైటు వేస్తే దెయ్యం డాన్సు చేస్తుందన్న మాట వాళ్ల దాకా పోయింది. చూసినవాళ్లు చూశారు, పారిపోయినవాళ్లు పారిపోయారు. పల్లీలమ్మే ఆమె బండి అక్కడికి మార్చింది. ఇన్నేళ్లలో ఆ బాట మీద అంత జనం ఎన్నడూ లేరు.

ఒక్క ప్లాటు కూడా అమ్ముడుపోలేదు. శ్రీపాల్ చొక్కా వదులైంది. నేను కుట్టు లోపలికి తీసిచ్చాను.

దెయ్యాన్ని పట్టింది మాత్రం హైమవతమ్మ. భర్త చెప్పు వెతకడానికి పగటిపూట వచ్చింది. ఒక చేతిలో ఆ చెప్పు, ఇంకో చేతిలో నిండు సంచితో నా దుకాణం ముందు దిగింది. శ్రీపాల్ అప్పుడు అక్కడే ఉన్నాడు.

“ఏమండీ, నాకో మాట చెప్పండి,” అంది. “దెయ్యం లద్ది వేస్తుందా?”

సంచిలోకి తొంగిచూశాం. గుర్రం లద్ది. తాజాగా ఉంది.

“గులాబీలకు మంచిదని ఏరుకొచ్చాను,” అంది ఆవిడ. “బాటంతా ఉంది. మీరంతా పైకే చూస్తున్నారు, కింద చూసిన మగాడు ఒక్కడూ లేడు.”

ఊళ్లో గుర్రం ఉన్నది ఒక్క ఇంట్లోనే. శ్రీపాల్ అప్పటికప్పుడు మల్లేశయ్య ఇంటికి బయల్దేరాడు. చొక్కా కొలతలు తీసుకోవాల్సిన పని గుర్తొచ్చి నేనూ వెంట పోయాను.

వాకిట్లో తెల్లగుర్రం మేస్తోంది, పెళ్లి బారాత్‌లకు పోయే గుర్రం. దాని పక్కన మల్లేశయ్య బిడ్డ రేణుక, తెల్ల చున్నీ భుజాన వేసుకుని నిలబడింది.

“కాకా, దెయ్యం నీ ఇంట్లనే ఉన్నదా?” అన్నాడు శ్రీపాల్.

మల్లేశయ్య నేలచూపులు చూశాడు. చెప్పింది రేణుకే.

“దసరాకు మల్ల పందెం పెట్టాలన్నది బాపు ఆశ అన్నా. దీన్ని ఉరికించుడు నేర్పుతున్న. కానీ పెండ్లిల్ల తిరిగి తిరిగి దీనికో పాడు అలవాటైంది. వీడియో లైటు కనబడితే ఆగి డాన్సు ఎగురుడే. ఇంట్ల బల్బు చూసినా గంతే. అందుకే ఊళ్లె కరెంట్ పోయినప్పుడే ఉరికిస్తున్న.”

“మరి బిజిలీ అని ఒర్లుడేంది?”

“దాని పేరు గదే,” అన్నాడు మల్లేశయ్య. “మా ఇంట్ల తెల్లగుర్రముంటే దాని పేరు బిజిలీయే. మా నాయిన నాటి సంది.”

శ్రీపాల్ నమ్మలేదు. సెల్‌ఫోన్ లైటు వేశాడు. గుర్రం గడ్డి వదిలేసి, ముందుకాలెత్తి, శ్రీపాల్‌ను పెళ్లికొడుకును చూసినట్టు చూసి, ఎగరడం మొదలుపెట్టింది.

నేను నవ్వలేదు. నా గుండీలు నేనే కుట్టుకుంటాను, తెగితే నాకే నష్టం.

“కాకా,” అన్నాడు శ్రీపాల్ చివరికి, “ఇది దెయ్యం కాదు, గుర్రమని పదిమందికి తెల్వాలె. దసరా నాడు, గదే చీకటి వేళ, అందరి ముందట ఉరికించు.”

“ఉరికిస్త. కానీ బాట మీద హద్దురాళ్లు పాతొద్దు. అది గట్లనే పందేలకు ఉండాలె, ఏటేటా.”

శ్రీపాల్ ఆలోచించాడు. “గెలిస్తే బాట నీది. ఓడితే బాట ప్లాట్లయితయి, నువ్వు మల్ల పందెం మాటెత్తొద్దు. యాచారం బాలనర్సింహ నల్లగుర్రంతోని ఉరకాలె.”

“సరే,” అన్నాడు మల్లేశయ్య. ఆ ‘సరే’ నేను నా చెవులతో విన్నాను. ముప్పై ఇళ్లకు చెప్పాను కూడా.

దసరా రానే వచ్చింది. అదే రోజు మన్నెగూడలో ఒకాయన మోటార్‌సైకిళ్ల షోరూం తెరుస్తున్నాడు. మోటార్‌సైకిళ్ల షోరూం ప్రారంభానికి గుర్రమెక్కి రావాలని ఆయన కోరిక. మల్లేశయ్య ఎప్పుడో మాటిచ్చేశాడు. రేణుక మధ్యాహ్నమే గుర్రాన్ని తీసుకుపోయింది.

“పొద్దుగూకేలోపు వస్త బాపు,” అంది. కాస్త ఆగి, మెల్లగా అంది, “లైటు చూస్తే ఇంకా ఆగుతనే ఉంది.”

సాయంత్రానికి బాటకు రెండు వైపులా జనం. చేతుల్లో జమ్మి ఆకులు, కావలింతల అలయ్ బలయ్‌లు. నేను నల్లరాయి దగ్గర మల్లేశయ్య పక్కన నిలబడ్డాను. బాట మధ్యలో శ్రీపాల్ వీడియో ఆయన్ను నిలబెట్టాడు. వెంచర్ ప్రచారానికట. పెద్ద లైటు, బ్యాటరీతో సహా. ఆ లైటు అక్కడెందుకో ఆ గుర్రాన్ని చూసినవాడెవడికైనా తెలుస్తుంది.

పొద్దు గూకింది. రేణుక రాలేదు.

సాగర్ రోడ్డు మీద బండ్లు ఆగిపోయాయని ఎవరో చెప్పారు. మల్లేశయ్య జమ్మి ఆకును నలిపి నలిపి పొడి చేశాడు.

“గుర్రం రాకుంటె ఓడినట్టే కాకా,” అన్నాడు శ్రీపాల్.

“జర ఆగు బిడ్డా…”

“ఇగ ఆగేది లేదు.”

అప్పుడే కరెంటు పోయింది.

బాట అవతలి కొసన బాలనర్సింహ నల్లగుర్రం మీద కూర్చుని ఉన్నాడు. తర్వాత అతనే నాకు చెప్పాడు. చీకట్లోంచి తెల్లగుర్రం వచ్చి తన పక్కన నిలబడిందట. మీద తెల్లగుడ్డ చుట్టుకున్న మనిషి. “జల్దీ వచ్చినవ్ రేణుకా,” అన్నాడట. జవాబు లేదు. గుర్రం ఒంట్లోంచి చలి వచ్చినట్టు అనిపించిందట… దసరా కదా, చలికాలం దగ్గరపడిందిలే అనుకున్నాడట.

ఈల పడింది.

డెక్కల చప్పుడు మా దాకా నేల కిందుగా వచ్చింది. నా కాళ్లకు ముందు వినబడింది, చెవులకు తర్వాత.

“వచ్చింది! మన బిజిలీ వచ్చింది!” అని జనం గోల. మల్లేశయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

నల్లది ముందుంది. తెల్లది దాని వెనక… పక్కన… పక్కనే —

శ్రీపాల్ చెయ్యి ఊపాడు. వీడియో లైటు వెలిగింది.

పట్టపగలంత తెలుపు. ఇప్పుడు ఆగుతుంది… ఇప్పుడు కాలెత్తుతుంది…

ఆగలేదు.

ఆ లైటును చూడనైనా చూడలేదు. దాన్ని చీల్చుకుని, నల్లదాన్ని దాటి, నల్లరాయి దాటి, మా ముఖాల మీద చల్లగాలి కొట్టి, అవతలి చీకట్లోకి దూసుకుపోయింది.

ఇక చూడాలి సంబరం! ముసలివాళ్లు ఎగిరారు. సుబ్బారావు గారు చెప్పులు రెండూ గాల్లోకి విసిరాడు, ఈసారి ఇష్టపడే. బాలనర్సింహ కూడా నల్లరాయికి ఇవతలే గుర్రాన్ని ఆపి, దిగి మల్లేశయ్యను కావలించుకున్నాడు. శ్రీపాల్ ముఖం మాడ్చుకుని, ఇంతమంది ముందు తప్పించుకోలేక అన్నాడు.

“సరే కాకా. బాట నీది. మల్ల దసరాకు ఇంకిన్ని గుర్రాలు పిలువు.”

ఆ గోలలో, వెనక నుంచి, మన్నెగూడ రోడ్డు వైపు నుంచి… గజ్జెల చప్పుడు.

ఎవరో టార్చి వేశారు.

తెల్లగుర్రం. మెడలో బంతిపూల దండ, నొసటి మీద షోరూం రిబ్బను. దాని మీద రేణుక, చెమటతో తడిసి, రొప్పుతూ. టార్చి వెలుగు కళ్లలో పడగానే గుర్రం టక్కున ఆగింది. ముందుకాలెత్తింది. మెడ వంచి ఎగరసాగింది.

“బాపు… జామ్‌ల ఇర్కినమే,” అంది రేణుక ఏడుపు గొంతుతో. “ఆగిన్రా? పందెం షురూ కాలేదు గదా?”

పల్లీల పొయ్యి చిటపటలు మాత్రం వినిపించాయి.

“మరి… గెలిచిందెవరు?” అన్నాడు శ్రీపాల్ గుసగుసగా.

మల్లేశయ్య నల్లరాయి మీద చెయ్యి వేశాడు. కళ్లు తుడుచుకున్నాడు. ముఖమంతా నవ్వు.

“బిజిలీయే,” అని రేణుక వైపు తిరిగాడు. “నువ్వు గన్ని దినాల సంది ఈడ బిజిలీ, బిజిలీ అని పిలుస్తనే ఉంటివి గదా బిడ్డా… ఆ బిజిలీకి ఇనబడ్డట్టున్నది.”

సుబ్బారావు గారు చెప్పుల కోసం వెతకడం ఆపేశాడు. హైమవతమ్మ మాత్రం అలాంటివి నమ్మే మనిషి కాదు. టార్చి లాక్కుని, సంచి పట్టుకుని, నల్లరాయి అవతలికి నడిచింది. వెలుగు నేల మీద అటూ ఇటూ తిరిగింది. చాలాసేపు తిరిగింది.

తిరిగొచ్చి, ఖాళీ సంచిని మడిచి, భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఏమండీ… లద్ది సంగతి సరే. డెక్కల గుర్తులు కూడా లేవండీ.”